ఉదయం, సాయంత్రం 6 నుంచి 10 దాకా యూనిట్ ఎందుకు ప్రియం?

ప్రశ్న: అయ్యా, హనుమకొండలో మాకు 42 గదుల లాడ్జి, దాని కిందే టిఫిన్లు, భోజనాల హోటల్ ఉన్నాయి. 11 కేవీ హెచ్‌టీ (హైటెన్షన్) కనెక్షన్. కిందటి నెల 30,000 యూనిట్లు కాలాయి. అందులో ఉదయం 6–10 మధ్య 6,200, సాయంత్రం 6–10 మధ్య 7,400 అని చూపి, యూనిట్‌కు రూపాయి చొప్పున 13,600 రూపాయలు అదనంగా వేశారు. మాకు బేరం జరిగేదే ఆ వేళల్లో. ఇది జరిమానా కాదా? ఆ ఎనిమిది గంటలు జనరేటర్ నడుపుకుంటే మేలా?
– ఒక హోటల్ యజమాని, హనుమకొండ

జవాబు: మీరు పంపిన బిల్లు నకలు ముందు పెట్టుకుని రాస్తున్నాను. 13,600 వేసిన వరుస దగ్గరే మీ కళ్లు ఆగిపోయాయి. దాని కింది వరుస చూడండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మీరు వాడిన 7,900 యూనిట్లకు రూపాయిన్నర చొప్పున 11,850 రూపాయలు తగ్గించారు. అంటే వేళను బట్టి ధర మార్చే ఈ పద్ధతి వల్ల మీకు పడిన నికర భారం 1,750. ఈ రాత్రి రాయితీ మొదట రూపాయే ఉండేది. తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి 2024లో ఇచ్చిన ఉత్తర్వుతో రూపాయిన్నర అయింది.

మీ మామూలు ధర యూనిట్‌కు రూ.8.80. ఉదయం, సాయంత్రం రూ.9.80. రాత్రి రూ.7.30. కాబట్టి సాయంత్రం చేసే పనిని రాత్రి 10 తర్వాతకు జరిపితే యూనిట్‌కు రెండున్నర రూపాయలు మిగులుతాయి. మధ్యాహ్నానికి జరిపితే మిగిలేది ఒక్క రూపాయే. ఏ పనిని ఎటు జరపాలో ఈ లెక్కే చెబుతుంది.

జనరేటర్ ఆలోచన ఇప్పుడే మానుకోండి. లీటరు డీజిల్‌కు మూడు, మహా అయితే మూడున్నర యూనిట్లు వస్తాయి. లీటరు ధర 95 రూపాయల పైమాట. అంటే డీజిల్ ఖర్చే యూనిట్‌కు 27 రూపాయలు దాటుతుంది. రూ.9.80 తప్పించుకోవడానికి అది పెట్టవలసిన ఖర్చు కాదు.

ఇక మీ హోటల్లో జరపగలిగిన పనులు చూద్దాం. అన్నిటికన్నా ముందు వేడినీళ్లు. 42 గదుల్లో 42 గీజర్లు, ఒక్కొక్కటి 2 కిలోవాట్లు. ఉదయం ఆరున్నరకు అతిథులంతా ఒక్కసారి స్విచ్ వేస్తే 84 కిలోవాట్లు లేస్తుంది. అధిక ధర ఒక ఎత్తు, నెల మొత్తంలో నమోదయ్యే గరిష్ఠ డిమాండ్, అంటే ఒకేసారి లాగిన అత్యధిక లోడు, పెరగడం మరో ఎత్తు. ఒక్క ఉదయం పెరిగినా ఆ నెల డిమాండ్ చార్జీ దాని మీదే పడుతుంది. మేడ మీద మంచి తొడుగు ఉన్న 2,000 లీటర్ల ట్యాంకు పెట్టించి, తెల్లవారుజామున 3 నుంచి 6 లోపు వేడి చేయించండి. వెయ్యి లీటర్ల నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1.16 యూనిట్లు కావాలి. 2,000 లీటర్లను 30 డిగ్రీలు పెంచితే సుమారు 70 యూనిట్లు. యూనిట్‌కు రెండున్నర చొప్పున మిగిలేది రోజుకు 175 రూపాయలు, నెలకు 5,250. మీ 1,750 భారం పోయి, పైన ఇంకా మిగులుతుంది. హీట్ పంపు పెట్టగలిగితే ఆ 70 యూనిట్లే మూడో వంతుకు దిగుతాయి.

తర్వాత సంపు మోటారు. ఏడున్నర హార్స్‌పవర్ మోటారు రెండు గంటలు తిరిగితే 11 యూనిట్లు. మీరు ఉదయం ఏడింటికి వేస్తున్నామన్నారు. టైమర్ పెట్టి నాలుగింటికి వేయించండి. నెలకు ఎనిమిది వందల పైనే మిగులుతుంది.

పిండి రుబ్బే పని మాత్రం కదపకండి. రెండు గ్రైండర్లు మూడు గంటలు తిరిగినా కాలేది తొమ్మిది యూనిట్లు. దాన్ని రాత్రి పదింటికి జరిపితే రోజుకు ఇరవై రూపాయలు మిగలవచ్చు. కానీ తెల్లవారి అయిదింటికి ఇడ్లీ వాయి పెట్టాలంటే రుబ్బడానికీ పులవడానికీ కలిపి ఏడు గంటలే మిగులుతాయి. మే నెలలో సరిపోవచ్చు, డిసెంబరు చలిలో పిండి పులవదు. ఇడ్లీ గట్టిపడితే మీకు పోయేది ఇరవై రూపాయలు కాదు. భోజనాల హాలు ఏసీ జోలికీ వెళ్లకండి. అతిథికి చెమట పట్టించి మిగుల్చుకోవలసిన డబ్బు అందులో లేదు.

జరిమానా అన్నారు గనుక ఒక మాట. రాష్ట్రానికి కరెంటు సరఫరా లెక్క పదిహేను నిమిషాలకొకటి చొప్పున రోజుకు 96 భాగాలుగా కడతారు. సూర్యుడు దిగిపోగానే సౌర విద్యుత్తు ఆగుతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లలో దీపాలు, ఏసీలు మొదలవుతాయి. కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో యూనిట్‌కు గరిష్ఠ పరిమితి 10 రూపాయలు. వేసవి సాయంత్రాల్లో ధర ఆ పరిమితిని తాకుతుంది. ఆ యూనిట్‌ను మధ్యాహ్నపు యూనిట్ ధరకే అందరికీ ఇస్తే, సాయంత్రం తక్కువ వాడేవారి నెత్తిన ఆ తేడా పడుతుంది. ఈ పద్ధతి న్యాయమైనదనే నా అభిప్రాయం.

అయితే ఒక హెచ్చరిక. కేంద్ర విద్యుత్ శాఖ 2023 జూన్‌లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాలు చౌక వేళను పగటికి మారుస్తున్నాయి. సౌర విద్యుత్తు దండిగా ఉండే ఎనిమిది గంటల్లో ఎనర్జీ చార్జీ, అంటే యూనిట్ ధర, కనీసం 20 శాతం తక్కువ ఉండాలని, వాడకం ఎక్కువగా ఉండే పీక్ వేళల్లో వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు కనీసం 1.20 రెట్లు ఉండాలని అందులో ఉంది. మీ 8.80 మీద అది అటూ ఇటూ రూ.1.76. రేపు మన దగ్గర రాత్రి రాయితీ తగ్గి మధ్యాహ్నం చౌక అయితే, రాత్రికే కట్టుబడిన యంత్రం వృథా అవుతుంది. అందుకే ట్యాంకు పెద్దది, తొడుగు మందమైనది కొనండి. మధ్యాహ్నం కాచిన నీళ్లు తెల్లవారి దాకా వేడి నిలవాలి. మార్చవలసింది అప్పుడు టైమర్ ఒక్కటే.

చివరగా, మీటర్ గడియారం చూడండి. నేను 31 ఏళ్లు మీటర్ల పనిలో ఉన్నాను. ఒకచోట సినిమా హాలు యజమాని, రెండో ఆట తగ్గించినా సాయంత్రం యూనిట్లు తగ్గడం లేదని మొత్తుకున్నాడు. మీటర్ బొత్తాం నొక్కుతూ పోతే తేదీ తర్వాత గంటలు కనిపిస్తాయి. అలా చూస్తే నా చేతి గడియారంలో 10.20, మీటర్‌లో 9.45. ముప్పై అయిదు నిమిషాలు వెనక. ప్రతి రాత్రీ 10.35 దాకా, ఏసీ నిండుగా నడుస్తున్న వేళ, పీక్ లెక్కలోనే పడుతోంది. మీరూ నెలకొకసారి రీడింగ్ తీసేటప్పుడు పక్కన నిలబడి, ఫోనులోని సమయంతో పోల్చుకోండి. అయిదు నిమిషాలు మించి తేడా ఉంటే మీ ఏడీఈకి (విద్యుత్ సంస్థ అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీర్) రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. మీటర్ సీలు మాత్రం ముట్టుకోకండి.

ప్రశ్న: నాది నెల్లూరులో చిన్న ఫ్యాన్సీ దుకాణం, లోడు 3 కిలోవాట్లు. స్మార్ట్ మీటర్ పెడితే సాయంత్రం ధర నాకూ పెరుగుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: పైన చెప్పిన కేంద్ర నియమాల్లో, వేళను బట్టి ధర అమలుకు మొదటి గడువు, 2024 ఏప్రిల్ 1, గరిష్ఠ డిమాండ్ 10 కిలోవాట్లు దాటిన వాణిజ్య, పారిశ్రామిక కనెక్షన్లకు. వ్యవసాయం తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ 1. మీరు రెండో వరుసలో ఉన్నారు. అయినా కేంద్ర నియమం నేరుగా మీ బిల్లులోకి రాదు, మీ రాష్ట్ర నియంత్రణ మండలి టారిఫ్ ఉత్తర్వులో ధర ప్రకటించాలి. ఆ ఉత్తర్వుకు ముందు బహిరంగ విచారణ జరుగుతుంది, అభ్యంతరం ఎవరైనా రాయవచ్చు. సాయంత్రమే బేరం జరిగే చిన్న దుకాణాల సంగతి మీరు తప్పకుండా రాయండి, తెలుగులోనే రాయండి. ఇంకో భరోసా: స్మార్ట్ మీటర్‌లో ఎక్కువ డిమాండ్ కనిపించిందని, అది పెట్టకముందు నెలలకు జరిమానా వేయకూడదని ఆ నియమాల్లోనే ఉంది.