జీతం దగ్గర ‘ప్రాగ్మాటిక్’ అనవద్దు, తమ్ముడూ

ప్రశ్న: అక్కా, మాది చిత్తూరు పక్కన పల్లె. తిరుపతిలో ఇంజినీరింగ్ చదివి, ఎం.ఎస్. కోసం అమెరికా వచ్చాను. ఇంటర్న్‌షిప్‌లో మా మేనేజరు నా ప్రణాళిక చూసి, కొంచెం ప్రాగ్మాటిక్‌గా ఆలోచించమన్నారు. అది మెచ్చుకోలా, మందలింపా? ఈ మాటను ఎక్కడ ఎలా వాడాలి? త్వరలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ కూడా ఉంది.

జవాబు: మందలింపే తమ్ముడూ, కానీ కోపంతో అన్నది కాదు. నీ ఆలోచన బాగానే ఉంది, ఉన్న సమయంలో ఉన్న మనుషులతో అది పూర్తి కాదని ఆయన భావం. పని కొంత తగ్గించి, గడువుకు అందేలా మళ్ళీ రాసి పంపు. ఆ ఉత్తరంలో నువ్వే ‘ప్రాగ్మాటిక్ అప్రోచ్’ అని రాస్తే, చెప్పింది అర్థమైందని ఆయన గ్రహిస్తారు.

ఇక వాడుక సంగతి. ప్రాక్టికల్, రియలిస్టిక్, ప్రాగ్మాటిక్ మూడూ ఒకటేనని మన పిల్లలు అనుకుంటారు. మన జిల్లావాడివి కాబట్టి మామిడితో చెబుతాను. జూన్‌లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి కదా. ధర పడిపోయినప్పుడు, వారం ఆగితే పెరుగుతుందిలే అనుకునే రైతు రియలిస్టిక్‌గా లేడు. కోసిన కాయ అన్నాళ్ళు ఆగదు. ఎండ తగలకుండా లోడు మీద కప్పిన పట్ట ప్రాక్టికల్ వస్తువు. అనుకున్న ధర రాకపోయినా, కుళ్ళి మొత్తం పోవడం కన్నా నయమని ఇచ్చిన ధరకే కాయ దించేసిన రైతుది ప్రాగ్మాటిక్ నిర్ణయం. కోరుకున్నదాంట్లో కొంత వదులుకుని, జరిగేదాన్ని పట్టుకోవడం అన్నమాట. ఆ వదులుకోవడాన్ని మరిచిపోయి ఈ మాట వాడితే డబ్బు పోతుంది. నాకు పోయింది.

నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో, జీతం ఎంత ఆశిస్తున్నావని అడిగారు. ఇంగ్లీషు బాగా వచ్చని చూపించాలన్న తపనతో, జీతం విషయంలో నేను ప్రాగ్మాటిక్ అని చెప్పాను. గొంతెమ్మ కోరికలు కోరను, వాస్తవం తెలిసినదాన్ని అని నా ఉద్దేశం. వాళ్ళకు మాత్రం ‘తక్కువ ఇచ్చినా చేరుతుంది’ అని వినిపించింది. వాళ్ళు చెప్పిన అంకెను నేను వెంటనే రూపాయల్లోకి మార్చుకున్నాను. నాన్న తాకట్టు పెట్టిన పొలం, బ్యాంకు అప్పు కళ్ళ ముందు మెదిలాయి. రూపాయల్లో అది చాలా పెద్ద మొత్తంగా కనిపించింది. అద్దె, బీమా, బస్సు పాసు అన్నీ డాలర్లలోనే కట్టాలని ఆ క్షణంలో తట్టలేదు. సరేనన్నాను.

నాతో పాటు అదే పనిలో చేరిన అమ్మాయికి నాకన్నా బాగా ఎక్కువ ఇచ్చారని చాలాకాలం తరువాత తెలిసింది. ఆ అమ్మాయి తన అంకె తాను అడిగిందంతే. అసలు దెబ్బ అక్కడితో ఆగదు. ఏటా జీతం పెంచేది ఉన్న జీతం మీద శాతం లెక్కనే కాబట్టి మొదట్లో తగ్గిన మొత్తం ప్రతి పెంపులోనూ వెంట వచ్చింది. అక్కడ చిత్తూరులో అప్పుకు వడ్డీ మాత్రం ఆగలేదు. నాన్న పొలం విడిపించడం కొన్నేళ్ళు వెనక్కి వెళ్ళింది. అయినా విడిపించాను. ఇక్కడ ఇల్లూ కొనుక్కున్నాను. ఇప్పుడు ఇంటర్వ్యూలు చేసే వైపు కూర్చుంటున్నాను, జీతం దగ్గర ఆ మాట వినిపిస్తే బల్లకు ఇవతల ఉన్నవాళ్ళు ఏమనుకుంటారో స్వయంగా చూస్తున్నాను. ఇప్పుడొచ్చే పిల్లలు మాట అర్థం ఫోనులో చూసుకుంటారు, అది ఎదుటివాడి చెవికి ఎలా తగులుతుందో చూసుకోరు.

డబ్బు దగ్గరే ఇంకొకటి. అద్దె పెంచినప్పుడు ఇంటి యజమానికి, దయచేసి ప్రాగ్మాటిక్‌గా ఉండండి అని రాశాను. కుదరదని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. అలా ఉండమని ఎదుటివాడికి చెబితే, ఇప్పుడు నీకు వివేకం లేదన్నట్టే. నీ మేనేజరు నీకు చెప్పవచ్చు, నువ్వు పై వాళ్ళకు చెప్పకూడదు. మనిషికి కాకుండా ప్రతిపాదనకు తగిలించు. రెండేళ్ళకు ఒప్పందం రాసుకుని పెంపు తగ్గించుకోవడం ఇద్దరికీ ప్రాగ్మాటిక్ పరిష్కారం అని రాస్తే మర్యాదగా ఉంటుంది. మరుసటి ఏడాది అలాగే రాసి తగ్గించుకున్నాను.

మిగతావి చిన్న సంగతులు. చెప్పులు, కోట్లు, పెట్టెలు ప్రాక్టికల్ అవుతాయి తప్ప ప్రాగ్మాటిక్ కావు. మనిషికి, నిర్ణయానికి, కారణానికి, పద్ధతికి ఈ మాట నప్పుతుంది. ఫలానా విషయంలో అని చెప్పాలంటే తరువాత ‘అబౌట్’ వస్తుంది. పలికేటప్పుడు ఒత్తు నడిమి అక్షరం ‘మా’ మీద పడాలి. మనం అన్ని అక్షరాలనూ సమంగా పలుకుతాం, వాళ్ళకు వెంటనే అందదు. ఆడంబరం లేని మంచి మనిషని మెచ్చుకోవాలంటే ‘డౌన్ టు ఎర్త్’ అను. రాజకీయ నాయకుణ్ణి ప్రాగ్మాటిక్ అంటే సందర్భాన్ని బట్టి పొగడ్త కావచ్చు, సిద్ధాంతం వదిలేశాడన్న విమర్శ కావచ్చు. 2011లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు ఆ ఏటి పదంగా దీన్నే ఎంచుకుంది. అమెరికా కాంగ్రెస్‌లో బడ్జెట్ లోటు మీద వాదనలు నడుస్తున్న ఆ రోజుల్లో దీని అర్థం వెతికినవాళ్ళు బాగా పెరిగారట. అక్కడ కూడా ఎవరెంత వదులుకోవాలన్నదే గొడవ, అదీ డబ్బు గురించే.

 

ఇంటర్వ్యూలో క్లిష్టమైన పనిని ఎలా గట్టెక్కించావని అడిగితే ఈ మాట ధైర్యంగా వాడు, అక్కడ అది నీకు బలం. జీతం ప్రస్తావన రాగానే పక్కన పెట్టు. అమెరికా కార్మిక శాఖ గణాంక విభాగం ఏ వృత్తికి ఏ ప్రాంతంలో ఎంత జీతముందో ప్రచురిస్తుంది. ఇంటర్వ్యూకు ముందే నీ నగరం లెక్క చూసుకుని, ఒక అంకె డాలర్లలోనే కాగితం మీద రాసుకో. అడిగినప్పుడు ఆ అంకె చెప్పి, వాళ్ళు మాట్లాడే దాకా ఆగు.