చెరువులన్నీ బూడిద రంగులోనే ఎందుకు?

ప్రశ్న: మా మండలంలోని చెరువులు, బావులు, ఆయకట్టు చూపించే మ్యాప్ ఒకటి జియోసర్వర్ (మ్యాపుల్ని వెబ్‌లో చూపించే సాఫ్ట్‌వేర్) మీద పెట్టుకున్నాం. పాత విండోస్ కంప్యూటర్ మొరాయిస్తుంటే లినక్స్ సర్వర్‌కి మారాం. పోస్ట్‌జీఐఎస్ అనే మ్యాప్ డేటాబేస్‌లోని డేటాను షేప్‌ఫైళ్లుగా (మ్యాప్ డేటా దాచే ఒక రకం ఫైళ్లు) తీసి లేయర్లు, అంటే మ్యాప్ పొరలు, మళ్లీ పబ్లిష్ చేశాం, రంగులూ బొమ్మలూ ఎలా ఉండాలో చెప్పే పాత ఎస్‌ఎల్‌డీ స్టైల్ ఫైళ్లు కూడా ఎక్కించాం. అయినా నీలంగా ఉండాల్సిన చెరువులు బూడిద రంగులో వస్తున్నాయి, బావి బొమ్మలు రావడం లేదు, ఆయకట్టు అయితే అసలు కనపడటమే లేదు. మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమంటారా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: వద్దండి, ఆ పని మాత్రం చేయకండి. మీరు దీన్ని ఒకటే జబ్బు అనుకుంటున్నారు గానీ, చూడబోతే మూడు.

బూడిద రంగు తేలిక. పాలిగాన్ లేయర్‌ని (చెరువుల్లాంటి ఆకారాల పొర) కొత్తగా పబ్లిష్ చేస్తే జియోసర్వర్ తన సొంత స్టైల్ తగిలిస్తుంది: బూడిద రంగు, చుట్టూ నల్ల గీత. మీరు స్టైల్ ఎక్కించారు, సరే, కానీ దాన్ని లేయర్‌కి ముడి వేశారా? లేయర్ తెరిచి పబ్లిషింగ్ ట్యాబ్‌లో డిఫాల్ట్ స్టైల్ దగ్గర మీది ఎంచుకుని సేవ్ చేయండి. మీ పేజీ లేయర్ గ్రూప్‌ని పిలుస్తుంటే ఆ గ్రూప్‌లో కూడా ఓసారి చూడండి, అక్కడ స్టైల్ విడిగా పెట్టే వీలుంది.

బావి బొమ్మ సంగతి. ఎస్‌ఎల్‌డీని నోట్‌ప్యాడ్‌లో తెరిచి బొమ్మ దారి ఎలా ఉందో చూడండి. సీ డ్రైవ్ అని మొదలైతే లినక్స్‌కి అదేమిటో తెలియదు. ఉత్త ఫైల్ పేరే ఉంటే బొమ్మ కూడా స్టైల్ ఉన్న ఫోల్డర్‌లోనే ఉండాలి. ఇంకోటి, విండోస్‌కి పెద్దక్షరమైనా చిన్నక్షరమైనా ఒకటే, లినక్స్‌కి కాదు. ఫైల్ పేరు చివర పీఎన్‌జీ పెద్దక్షరాల్లో ఉండి స్టైల్లో చిన్నక్షరాల్లో రాసి ఉంటే చాలు, బొమ్మ మాయం. దీంతో నేనూ ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్నాను.

అసలు తంటా ఆయకట్టుతోనే. రంగు తప్పుగా రావడం వేరు, ఏమీ రాకపోవడం వేరు. ఏమీ రాలేదంటే చాలావరకు స్టైల్ దొరికినట్టే, అందులోని రూల్ (ఏ డేటాకి ఏ రంగు వేయాలో చెప్పే షరతు) ఒక్కటీ డేటాకి సరిపోలేదంతే. షేప్‌ఫైల్లో కాలమ్ పేరు 10 అక్షరాలకు మించదు, మిగతాది కత్తిరించేస్తారు. పోస్ట్‌జీఐఎస్‌లో 'ఇరిగేషన్_సోర్స్' అని ఇంగ్లిష్‌లో ఉన్న కాలమ్ షేప్‌ఫైల్లోకి వచ్చేసరికి 'ఇరిగేషన్' దగ్గరే ఆగిపోతుంది. స్టైల్ మాత్రం పాత పేరుతోనే వెతుకుతూ ఉంటుంది. లేయర్ పేజీలో కిందకి వెళ్తే కాలమ్ పేర్లు కనిపిస్తాయి, అక్షరం అక్షరం పోల్చుకోండి. నన్నడిగితే షేప్‌ఫైల్ మానేసి పోస్ట్‌జీఐఎస్‌నే కొత్త సర్వర్‌కి తెచ్చుకోవడం మేలు. పేర్లూ కరెక్టుగా ఉంటే రూల్లో స్కేల్ పరిమితి (ఫలానా జూమ్‌లోనే చూపించమనే షరతు) ఉందేమో చూడండి, జూమ్ చేస్తే ప్రత్యక్షమవుతుంది.

సరిచేశాక ముందు లేయర్ ప్రివ్యూలో చూడండి. అక్కడ రంగులొచ్చి మీ పేజీలో రాకపోతే పాత టైల్స్ (ముందే గీసి పెట్టిన మ్యాప్ ముక్కలు) కాష్‌లో, అంటే తాత్కాలిక నిల్వలో, కూర్చున్నట్టే. స్టైల్ ఫైల్‌ని జియోసర్వర్ పేజీలోంచి కాకుండా నేరుగా ఫోల్డర్‌లో మార్చినవాళ్లకి ఇది తప్పదు. టైల్ లేయర్స్‌లోకి వెళ్లి ఆ లేయర్ కాష్ ఖాళీ చేసి, బ్రౌజర్ కాష్ కూడా తీసేసి చూడండి.