రేడియేషన్‌తో నోరంతా పూసింది.. మధ్యలో ఆపొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. బుగ్గ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక 30 సిట్టింగుల రేడియేషన్ పెట్టారు. 16 అయ్యాయి. నోరు పూసి మంచినీళ్లు కూడా మింగలేకపోతున్నారు. మెడ నల్లబడింది. కొన్నాళ్లు ఆపేద్దామంటున్నారు. మెడకు కొబ్బరినూనె రాయొచ్చా? చిన్నపిల్లల్ని దగ్గరకు రానివ్వొచ్చా?
– ఓ పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: మీ అంతట మీరు ఆపొద్దు. విరామం వస్తే మిగిలి ఉన్న క్యాన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయి. నోటిపూత రెండు మూడు వారాలకు మొదలై, చికిత్స ముగిశాక కూడా కొన్ని వారాలు ఉంటుంది. అంతవరకు నోటిని కాపాడుకుంటూ రావాలి.

లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి, మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి పుక్కిలించమనండి. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలపాలి. స్పిరిట్ ఉన్న మౌత్‌వాష్ వాడితే మంట రెట్టింపవుతుంది. తిండికి 15 నిమిషాల ముందు నోరు మొద్దుబారే మందు డాక్టరుతో రాయించుకోండి. తెల్లటి పొర కనిపిస్తే ఫంగస్ కావచ్చు, దానికి వేరే మందుంది.

అసలు పోరు బరువుతోనే. బరువు తగ్గితే ముఖానికి బిగించే మాస్కు వదులవుతుంది, కిరణాలు పడాల్సిన చోటు తప్పుతుంది. అప్పుడు మళ్లీ సీటీ, మళ్లీ కొత్త మాస్కు. అందుకే వారానికోసారి ఒకే కాటా మీద తూచండి. చాలా ఇళ్లలో పల్చటి రాగిజావ ఒక్కటే పోస్తుంటారు. కడుపు నిండుతుంది గానీ ఒంటికి మాంసకృత్తులు అందవు. 60 కిలోల మనిషికి రోజుకు 70 గ్రాములకు తగ్గకూడదు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. జావలో పాలపొడి కలపండి, మెత్తగా చిదిమిన గుడ్డు, పప్పు, పెరుగు ఇవ్వండి. కారం, పులుపు వద్దు.

అయినా మింగలేకపోతే ముక్కు గొట్టానికి ఒప్పుకోండి, అది తాత్కాలికమే. కూర్చోబెట్టి, ఒక్కోసారి 200 మిల్లీలీటర్లు మెల్లగా పోయాలి. ముందూ వెనకా 30 మిల్లీలీటర్ల నీళ్లు పోయకపోతే గొట్టం పూడుకుపోతుంది. పోశాక అరగంట పడుకోనివ్వొద్దు.

మెడకు నూనె, పసుపు, పౌడరు ఏదీ వద్దు. డాక్టరు చెప్పిన క్రీమే రాయండి, అదీ సిట్టింగుకు ముందు కాదు. గోరువెచ్చని నీళ్లతో కడిగి అద్దండి, రుద్దొద్దు. కాలరు లేని నూలు చొక్కా వేయండి. గీసుకోవడానికి బ్లేడు కాదు, ట్రిమ్మర్.

మనవల్ని నిశ్చింతగా ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. బయటి మిషన్‌తో ఇచ్చే కిరణాలు ఒంట్లో నిల్వ ఉండవు.

జ్వరం 100.4 దాటినా, నోట్లోంచి రక్తం పడినా, ఊపిరి కష్టమైనా, మూత్రం బాగా తగ్గినా తర్వాతి సిట్టింగు దాకా చూడకుండా, ఆదివారమైనా సరే క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.