స్లాబు వేసే రోజు మిల్లరు దగ్గర ఎవరు నిలబడతారు?

కాశీనగరం దగ్గర వెయ్యి చదరపు అడుగుల ఇంటికి స్లాబు వేయబోతున్నామనీ, ప్లాంటులో కలిపి లారీలో తెచ్చే రెడీమిక్స్ కాంక్రీటు తెప్పించుకోవాలా లేక ఇంటి ముందే మిల్లరు, అంటే కాంక్రీటు కలిపే యంత్రం, పెట్టి కలిపించాలా అనీ, కాంట్రాక్టరు చెబుతున్నట్టు సగం ఈ రోజు, సగం రేపు వేసుకోవచ్చా అనీ మీరు అడిగారు. పర్లాకిమిడిలో మా ఇంటి స్లాబును, తరువాత మా తమ్ముడి ఇంటి స్లాబును దగ్గరుండి వేయించిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను. నన్నడిగితే వీటన్నిటికంటే ముందు మీరు తేల్చుకోవలసినది, మిల్లరులో నీళ్లు పోసే మనిషి ఆ రోజు ఎవరి మాట వింటాడన్నది.

వెయ్యి చదరపు అడుగులకు 5 అంగుళాల మందం లెక్కన, దూలాలు కాక, స్లాబు ఒక్కదానికే సుమారు 12 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో, అంటే ఎం20 రకం కాంక్రీటులో, ఘనపు మీటరుకు 8 బస్తాల చొప్పున 95 బస్తాలకు పైగా సిమెంటు కావాలి. బస్తాకు ఒక్క పది లీటర్ల బకెట్టు అదనంగా పోసినా, సాయంత్రానికి మీ ఇంటి కప్పులోకి అక్కరలేని నీళ్లు 950 లీటర్లు చేరతాయి. భారత ప్రమాణం ఐ.ఎస్. 456 ప్రకారం ఎం20 కాంక్రీటుకు 50 కిలోల బస్తాకు నీరు 30 లీటర్లు దాటకూడదు, ఆ లెక్కలో తడి ఇసుకలో ఉన్న నీరు కూడా చేరి ఉంటుంది. సిమెంటు గట్టిపడే చర్యకు దాని బరువులో దాదాపు పావు వంతు నీరు చాలు. మిగతాది కలపడానికి, పరచడానికి వీలుగా ఉండేందుకే పోస్తాము. ఆ మిగులు నీరు ఆవిరైపోయినచోట కంటికి కనబడని సన్నని దారులు మిగులుతాయి, వాన నీరు దిగేదీ, ఇనుమును తుప్పు పట్టించేదీ ఆ దారుల వెంటనే. నీరు పెరిగితే బలం తగ్గుతుందన్న సూత్రాన్ని డఫ్ అబ్రామ్స్ 1918లోనే స్పష్టంగా చెప్పాడు. వందేళ్లు దాటినా అది మా వైపు మిల్లరు దగ్గరికి ఇంకా చేరలేదు. సిమెంటు కంపెనీ పేరు మీద, దాని బలాన్ని చెప్పే 53 గ్రేడు మీద గంటల తరబడి వాదించే ఇంటి యజమానులు, ఆ సిమెంటులో బకెట్లకొద్దీ నీళ్లు గుమ్మరిస్తుంటే చూస్తూ ఊరుకోవడం నాకు ఎన్నటికీ మింగుడుపడదు.

మా ఇంటి స్లాబు 2016 వైశాఖంలో వేశాము. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి విరమించిన మా మామగారు ముందురోజు సాయంత్రమే వచ్చి, ఇసుక కుప్ప మీద టార్పాలిన్ కప్పించి, రెండు బకెట్లు తెప్పించి, కొలిచి, రెండూ కలిపి 27 లీటర్లు వచ్చే చోట లోపలి వైపు ఎర్ర రంగుతో గీత గీశారు. తెల్లవారుజామున మిల్లరుకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి పని మొదలుపెట్టగానే, మొదటి మాలు, అంటే ఒక విడత కలిపిన కాంక్రీటు, పైకి వెళ్లిన మరుక్షణం స్లాబు మీద నుంచి నీళ్ల కోసం "పాణి! పాణి!" అని కేకలు మొదలయ్యాయి. మా పనివాళ్లలో ఒడియా వాళ్లు, తెలుగు వాళ్లు, సవర కుర్రాళ్లు అందరూ ఉన్నారు గానీ ఆ కేక మాత్రం అందరిదీ ఒక్కటే. మిల్లరు దగ్గరి మనిషి అలవాటు కొద్దీ మూడో బకెట్టు ఎత్తాడు. మామగారు ఏమీ అనకుండా బకెట్టు అంచు పట్టుకుని కిందికి దించారు.

పని ఆగింది. తాపీ మేస్త్రీ నిచ్చెన దిగి వచ్చి, "ఇంత గట్టి మాలు మేము ఏ ఇంటికీ వెయ్యలేదు బాబూ, మా కుర్రాళ్లు దీన్ని లాగలేరు" అన్నాడు. "లాగవద్దు, వైబ్రేటరు పెట్టండి" అన్నారు మామగారు. తీరా చూస్తే, కాంక్రీటును అదిరించి సర్దే ఆ వైబ్రేటరు యంత్రం పిట్టగోడ పక్కన పడి ఉంది, దానిలో పెట్రోలు చుక్క కూడా లేదు. కాంట్రాక్టరు దాని అద్దె మా లెక్కలో రాశాడు గానీ, దాన్ని నడిపే ఉద్దేశం అతనికి ఏ కోశానా లేదని అప్పుడు అర్థమైంది. పాతపట్నం రోడ్డుకు బండి మీద మనిషిని పంపి పెట్రోలు తెప్పించేదాకా, అప్పటికే కలిపిన మాలును మామగారు పక్కన పెట్టించి, కొత్త మాలు కలపనివ్వలేదు. తరువాత తానే పైకి ఎక్కి, కుప్పగా నిలబడి ఉన్న కాంక్రీటులో వైబ్రేటరు సూదిని నిట్టనిలువుగా దించారు. కొద్ది క్షణాల్లోనే గాలి బుడగలు పైకి వచ్చి, ఆ కుప్ప తనంత తానుగా కుంగి, ఊచల సందుల్లోకి పారి, కాంక్రీటును కింద నుంచి ఆపే సెంట్రింగు రేకుల అంచు దాకా నిండింది. మేస్త్రీ కాసేపు చూసి, "మోటారు ఆగకుండా ఉంటే మాకేం ఇబ్బంది లేదు బాబూ" అన్నాడు. ఆ మేస్త్రీని నేను తప్పుపట్టను. వైబ్రేటరు ఇవ్వకుండా సాయంత్రానికల్లా పని ముగించమంటే, చేతుల్లో సత్తువ మిగుల్చుకోవడానికి అతనికి నీళ్లు తప్ప వేరే దారి ఏముంది? తప్పు పని పెట్టించేవాడిది.

మధ్యాహ్నం మామగారు భోజనానికి కూర్చున్నప్పుడు బకెట్ల దగ్గర నేను నిలబడ్డాను. నేను ఒక్క క్షణం అటు తిరిగేలోగా ఒక మాలులో ఎక్కువ నీళ్లు పడనే పడ్డాయి. గమేళాల్లోకి పోసేసరికి కంకర అడుగుకు దిగిపోయి, సిమెంటు పాలు పైకి తేలాయి. ఆ మాలును స్లాబు మీదికి పోనివ్వకుండా వాకిట్లో నీళ్ల తొట్టె కట్టే చోట అడుగున పోయించాము. రెండున్నర ఏళ్లకు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు, మా ఇంట్లో ఏ గదిలోనూ కప్పు చెమర్చలేదు. అదే కాంట్రాక్టరు అదే వేసవిలో మా వీధిలో వేసిన మరో స్లాబుకు ఈ రోజుకీ ఏటా తారు పూస్తున్నారు. తేడా అంతా నీళ్లలోనే ఉందని నాకు ఏ సందేహమూ లేదు.

ఇక మీరు అడిగిన రెడీమిక్స్ సంగతి. మర కలిపిన కాంక్రీటులో పాళ్లు తూకం ప్రకారం ఉంటాయి కనుక అది మంచిదే. అయితే లారీలో నింపిన సమయం నుంచి రెండు గంటల్లోగా దాన్ని దించుకోవాలన్నది నియమం. మీకు శ్రీకాకుళం వైపు నుంచో, కొండ దారిలో బరంపురం వైపు నుంచో రావలసి వస్తే దారిలోనే ఆ సమయం అయిపోతుంది, బిగుసుకుంటున్న మాలును పంపులో తోయడానికి లారీ మనిషే పైపు పట్టి నీళ్లు కొడతాడు. అప్పుడు మీరు అదనంగా ఇచ్చిన డబ్బుకు దక్కినది ఏమీ ఉండదు. ప్లాంటు గంట దూరంలో ఉండి, 6 ఘనపు మీటర్ల లారీ మీ వీధిలోకి తిరగగలిగితే తెప్పించుకోండి, లారీ కాగితం మీద నింపిన సమయం చూసి గానీ దించనివ్వకండి. లేకపోతే మిల్లరే నయం. బస్తాకు ఒక మాలు, లోపల కనీసం రెండు నిమిషాలు తిరగాలి, ఇసుక, కంకర పార లెక్కన కాకుండా కొలత పెట్టెతో పడాలి.

సగం ఈ రోజు, సగం రేపు అన్న మాటకు మాత్రం ఒప్పుకోకండి. 12 ఘనపు మీటర్లు ఒక మిల్లరుతో, తగినంత మంది మనుషులతో ఒక పగటిపూట అయ్యే పని. మనుషులను తగ్గించుకోవడానికే ఆ మాట పుడుతుంది. వాన వచ్చి ఆపక తప్పకపోతే దూలం మీద ఆపకూడదు. రెండు దూలాల మధ్య దూరంలో నడిమి మూడో వంతులో, కర్ర పట్టీ అడ్డం పెట్టి నిలువుగా ఆపి, మర్నాడు ఆ అంచును గరుకుగా చెక్కి, కడిగి, సిమెంటు పాలు పూసి కొనసాగించాలి. ఏటవాలుగా జారవిడిచి వదిలేసిన అంచు దగ్గరే తరువాత వాన నీరు కారుతుంది. మా జిల్లాల్లో వైశాఖ జ్యేష్ఠాల్లో మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి గాలివాన లేస్తుంది కనుక, పంతులుగారు పది గంటల తరువాత ముహూర్తం ఉందంటే తెల్లవారుజాముకు మార్చి చెప్పమని అడగండి. అక్టోబరులో అసలే పెట్టుకోకండి. తిత్లీ ఒక్కటే కాదు, 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ కూడా అక్టోబరు 12నే వచ్చాయి.

వేసిన రోజే ఆరు దిమ్మలు, ఒక్కొక్కటి 150 మిల్లీమీటర్ల ఘనం, పోయించి పెట్టుకోండి. ఈ పరిమాణానికి ప్రమాణం అడిగేది అన్నే. గుణుపురంలోనూ పర్లాకిమిడిలోనూ ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి కనుక, పరీక్షకు తీసుకుంటారేమో ముందే వెళ్లి అడగండి. 28వ రోజున చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు తట్టుకోవాలి. దిమ్మలు పోస్తున్నారని తెలిస్తే చాలు, బకెట్లు వాటంతట అవే తగ్గుతాయి.

ఒడిశాలో ఉక్కు కర్మాగారాల చిట్టెం కలిపిన స్లాగు సిమెంటు వాడకం ఎక్కువ, అది మంచి సిమెంటే గానీ మొదటి రోజుల్లో నెమ్మదిగా బలం పుంజుకుంటుంది. కాబట్టి స్లాబు మీద గట్లు కట్టి 14 రోజులు నీరు నిలపండి. మామూలు సిమెంటుకు నాలుగున్నర మీటర్ల లోపు స్లాబు కింద సపోర్టులు 7 రోజులకు, ఆపైన ఉంటే 14 రోజులకు తీయవచ్చని ప్రమాణం చెబుతుంది. మీరు ఏ గదికైనా 14 రోజులకు ముందు తీయనివ్వకండి, దూలాల కింద 21 రోజులు ఉంచండి. సెంట్రింగు మేస్త్రీ తన రేకులు వేరే ఇంటికి కావాలని వారం తిరగకుండానే వచ్చి అడుగుతాడు, ఆ అద్దె రోజులు ముందే కాగితం మీద రాయించుకోండి.

గోడ దాటి బయటికి చొచ్చుకువచ్చే సన్‌షేడ్లకు, పోర్టికోకు ప్రధాన ఊచలు పై వరుసలో ఉంటాయి. గమేళాలు మోసేవాళ్లు, చూడవచ్చిన బంధువులు వాటిని తొక్కితే అవి కిందికి కుంగి, పైకి నిండుగా కనబడే సన్‌షేడు లోపల బలం లేకుండా మిగులుతుంది. వాటి కింద ఇనుప కుర్చీలు, అంటే ఊచలను పైకి ఎత్తిపట్టే వంచిన ఇనుప ముక్కలు, దగ్గర దగ్గరగా పెట్టించి, నడవడానికి పలకలు వేయించండి. అక్కడి సపోర్టులు అన్నిటికంటే చివరన, బయటి కొస నుంచి గోడ వైపుకు ఒక్కొక్కటిగా తీయించండి.