వయొలిన్ పెట్టెలో పిల్లి పడుకుంటే

రాయగడ

చి. సౌ. అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కోరాపుట్ చలికి తట్టుకోలేక మీ వరండాలోకి చేరిన పిల్లికూనని ఇంట్లోకి తెచ్చేసుకున్నావనీ, అల్లుడుగారు కూడా కాదనలేదనీ చదివి సంతోషించాను. నువ్వడిగినవి రెండు ప్రశ్నలు. పిల్లికి సంగీతం పడుతుందా, సాధన జరిగే ఇంట్లో దాన్ని ఎలా పెంచాలి అని. మొదటిదాని గురించి బెంగ పెట్టుకోకు. నీ సంగీతం వల్ల దాని చెవులకీ, దాని గోళ్ల వల్ల నీ వాయిద్యాలకీ నష్టం లేకుండా చూసుకుంటే చాలు. అది రసికురాలా కాదా అన్నది అదే తేల్చుకుంటుంది.

మా పిల్లి జమీందారు సంగతి నీకు తెలుసుగా. తంబురా శ్రుతి చెయ్యడం మొదలుపెట్టగానే ఎక్కడున్నా వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. మా వీధిలో వాళ్లంతా అది పూర్వజన్మ వాసన అంటారు. పక్కింటి ఒడియా వదినగారైతే పిల్లి షష్ఠీదేవి వాహనమని దండం కూడా పెట్టుకుంటుంది. నాకు తెలిసిన కారణం వేరు. వాడి లెక్కలో సపస తర్వాత వచ్చేది చేప. పిల్లులు తెల్లవారుజామునా, మునిమాపునా చురుగ్గా ఉండే జాతి. మనం సాధనకి లేచే వేళా, అది వేటకి లేచే వేళా ఒకటే కావడంతో ఈ స్నేహం కుదిరింది. అందుకని నీకు మొట్టమొదటి మాట: సాధన ముగించిన వెంటనే దానికి తిండి పెట్టకు. మధ్యలో స్నానమో, కాఫీయో ఏదో ఒకటి కానీ, అరగంట పోనీ. ఆ రెండింటికీ లంకె పడిందంటే నాలుగున్నరకి లేవాల్సినదానివి మూడింటికే లేస్తావు. ముఖం మీద పంజా పెట్టి మరీ లేపుతుంది. నీకు పాఠం చెప్పిన గురువుగారు కూడా నీ సాధన మీద అంత పట్టుదల చూపించి ఉండరు.

చెవుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నీది వయొలిన్. మనిషి చెవికి 20 హెర్ట్జ్‌ల నుంచి 20,000 దాకా వినపడుతుంది. పిల్లికి సుమారు 48 నుంచి 85,000 దాకా. ఎలుకపిల్లల సన్నని కీచులు కూడా అందుకోవాలి కదా, దాని బతుకుతెరువు అది. నువ్వు తారస్థాయి పంచమం పట్టుకున్నప్పుడు దాని పైన పలికే అతిస్వరాల్లో మన చెవికి అందనివి కూడా దానికి అందుతాయి. ఇక కమాను జారి కీచుమందంటే చెప్పనే అక్కర్లేదు. నువ్వు వాయిస్తుంటే కూన మంచం కిందికి దూరుతోందని బాధపడుతూ రాశావు. అది నీ విద్వత్తు మీద తీర్పు కాదమ్మా. చెవులు వెనక్కి వాలి, తోక కొస నేలమీద టపటపా కొట్టుకుంటుంటే కచేరీ చాలించమని అర్థం. అలాంటప్పుడు బుజ్జగించి ఒళ్లో కూర్చోబెట్టుకోకు. గది తలుపు ఓరగా తీసి ఉంచు, బీరువా మీద ఒక పాత దుప్పటి పరిచి ఉంచు. పోవడానికి దారి ఉందని తెలిస్తే చాలాసార్లు అది పోదు. వరసలు గట్టిగా సాధన చేసే రోజున వయొలిన్‌కి నాదం తగ్గించే మ్యూట్ తగిలించుకో, పక్కవాటా వాళ్లు కూడా నిన్ను దీవిస్తారు.

తాళాలు మాత్రం దాని దగ్గర వద్దు. ముసలి పిల్లుల్లో కొన్నింటికి పళ్లేనికి చెంచా తగిలిన మోతకీ, రేకు కాగితం నలిగిన చప్పుడుకీ మూర్ఛ వస్తుందని 96 పిల్లుల వివరాలు పోగుచేసి 2015లో పశువైద్యులు రాశారు. నీ కూనకి ఆ వయసు రావడానికి చాలా ఏళ్లుంది కానీ, శనివారం భజనలో తాళాలు వాయించేవాళ్ల పక్కన దాన్ని ఎందుకు కూర్చోబెట్టడం!

అదే ఏడాది అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో పని చేశారు. 47 పెంపుడు పిల్లులకి మనుషుల శాస్త్రీయ సంగీతం కొంచెం, పిల్లి గురగుర లయలోనూ, కూన పాలు తాగే లయలోనూ కట్టిన సంగీతం కొంచెం వినిపించారు. మనుషులదాన్ని అవి పెద్దగా పట్టించుకోలేదట. తమ లయలో కట్టినదానికి మాత్రం స్పీకరు దగ్గరికి వెళ్లి ఒళ్లు రుద్దుకున్నాయట. చిన్నవీ ముసలివీ ఎక్కువ స్పందించాయి, నడివయసువి అంతగా లేదు. మన త్యాగరాజ ఆరాధనల్లో ముందు వరసలు చూసినప్పుడల్లా నాకు ఈ ముక్క గుర్తొస్తుంది. పిల్లలూ ముసలివాళ్లూ చెవులప్పగించి వింటుంటారు, మధ్యవాళ్లంతా ఫోన్లలో ఉంటారు.

జమీందారు కూడా నా వీణ కొసన చెక్కిన యాళి ముఖానికి, అదే ఆ సింహంలాంటి బొమ్మకి, రోజూ బుగ్గ రాస్తాడు. సరస్వతీ కటాక్షం కోసమేమీ కాదు. పిల్లి బుగ్గల్లో వాసన గ్రంథులుంటాయి, వాటితో 'ఇది నాది' అని సంతకం పెట్టడం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి చేసిన ఏకాండి వీణ అది. డబ్బు కట్టింది నేనన్న సంగతి వాడికి అనవసరం.

వాయిద్యాల విషయంలో ఒకటే పట్టుదల పెట్టుకో: వాయించని నిమిషంలో అవి బయట ఉండకూడదు. వీణకి మెట్లు 24, అన్నీ మైనం మీద నిలబడినవే. రాయగడ మే నెల ఎండకి ఆ మైనం మెత్తబడి ఉన్నప్పుడు నాలుగు కిలోల శాల్తీ కిటికీలోంచి దాని మీదకి దూకితే మెట్టు పక్కకి ఒరుగుతుంది, తర్వాత సరిచేసేవాళ్ల కోసం బొబ్బిలి కబురు పెట్టాలి. అందుకని గవిసెన తొడిగి గోడవార పెడతాను. ఆ గవిసెన మీద గోళ్లు గీరుకోకుండా దాని పక్కనే ఒక చెక్కకి గోనెసంచి మేకులు కొట్టి నిలబెట్టాం. గోళ్లు గీరడం మాన్పించలేవు, గీరడానికి అంతకన్నా రుచైనది చూపించడమే ఉపాయం.

నీ వయొలిన్ పెట్టె సంగతి ఇంకా కష్టం. లోపల మఖమలు, నాలుగు వైపులా అంచు, సరిగ్గా పిల్లి పట్టేంత చోటు. అది తన కోసమే చేయించారని అనుకోకపోతే తప్పు. వయొలిన్ తీసిన క్షణంలోనే పెట్టె మూసెయ్. కమానుకుండేవి గుర్రపు తోక వెంట్రుకలు, వాటికి నువ్వు రోజిన్ రాస్తావు, పిల్లి బొచ్చు దానికి అంటుకుందంటే ఆ రోజుకి నాదం గరగరే. ఆ పెట్టె పక్కనే ఒక అట్టపెట్టెలో నీ పాత నూలు చీర మడిచి పెట్టు. నీ వాసన ఉన్న చీర అయితే మరీ మంచిది. మీ కోరాపుట్ చలికి ఇంకేం కావాలి దానికి?

ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె వెచ్చగా ఉంటుందని జమీందారు దాని మీద కూర్చుంటాడు. కూర్చునేటప్పుడు వెనక కాలు బిరడా మీద పడి శ్రుతి పెరిగిపోతుంది. ఐదు శ్రుతిలో మొదలుపెట్టిన వర్ణం చరణానికి వచ్చేసరికి నేనెందుకు గొంతు చించుకుంటున్నానో నాకే అర్థం కాదు. ఎదురుగా కూర్చున్న శిష్యురాళ్లు కూడా మర్యాదకి నోరు మెదపరు. నువ్వు ఫోన్లో తంబురా పెట్టుకుంటావు కనక నీకా బాధ లేదు.

మీ పెదనాన్న మృదంగం కథ వేరు. ఎడమ మూతకి అంటించే రవ్వ ముద్ద చూశావు కదా, ఆయన చెయ్యి కడుక్కుని వచ్చేలోపు వీడు నాకేసి మీసాలు తుడుచుకుంటూ ఉంటాడు. పిల్లి నాలుక గరుకు, రెండు నాకుళ్లలో ముద్ద మాయం, ఎడమ వైపు గుంకీ, అదే ఆ గుమ్మనే నాదం, పలకదు. ఆయన తిడతారు, మళ్లీ రవ్వ కలుపుతారు. అయినా వాణ్ణి వెళ్లగొట్టమని ఏనాడూ అనలేదు. వాడొచ్చాక మృదంగం వారుల్ని ఎలుకలు కొరకడం ఆగిపోయింది మరి. కచేరీకి బయల్దేరేటప్పుడు పిల్లి ఎదురొస్తే కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లడం ఆయనకి చిన్నప్పటి అలవాటు. ఇప్పుడు ప్రతిసారీ అదే ఎదురొస్తుంది కనక పది నిమిషాలు ముందే బయల్దేరుతున్నారు.

రాత్రి సాధన అయ్యాక ఒళ్లోకి వచ్చి గురగురలాడుతుంది చూడు, అప్పుడు చెవి పెట్టి విను. ఊపిరి పీల్చినప్పుడూ వదిలినప్పుడూ కూడా తెగదు అది, తంబురా మీటు లాగే. నాకైతే పాడేవాళ్లకి ఆ ఊపిరి ఇవ్వకుండా పిల్లులకి ఎందుకిచ్చాడా దేవుడని అసూయ.

తిండి గురించి గట్టిగానే చెప్తున్నాను. మన ఇళ్లలో నీచు వండం, పాలూ పెరుగన్నంతో సరిపెట్టేద్దామనుకుంటావేమో. సరిపోదు. పిల్లి మాంసాహారిగానే పుట్టింది. మాంసంలో దొరికే టారిన్ అందకపోతే దాని కళ్లూ గుండే దెబ్బతింటాయి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు కూడా, విరేచనాలు పట్టుకుంటాయి. మడి అడ్డొస్తే పెరటి పొయ్యి మీద వేరే గిన్నెలో ఉడికించు, లేదా కొట్లో దొరికే పిల్లి మేత కొను. చేపైతే ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి ముళ్లు తీసి పెట్టు. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, వద్దు. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర ఏదైనా దానికి విషమే. పారాసిటమాల్ బిళ్ల ఒక్కటి కూడా దాని ప్రాణం తీస్తుంది, మందుల డబ్బా పైన పెట్టుకో.

రెండు నెలలు నిండగానే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లు, మూడో నెలలో రేబిస్ టీకా మర్చిపోకు. ఈలోపు గీరినా కరిచినా సబ్బు నీళ్లతో పావుగంట కడుక్కుని డాక్టరు దగ్గరికి వెళ్లు. ఐదారు నెలలకి ఆపరేషన్ చేయించెయ్. చేయించకపోతే అది ఎదకొచ్చి రాత్రంతా చేసే ఆలాపనకి మీ ఇంటి ఓనరు మిమ్మల్నే ఖాళీ చెయ్యమంటాడు.

దసరాకి వస్తానన్నావు. కూనని వదిలి రాలేకపోతే మూతున్న బుట్టలో తీసుకురా, పైన గుడ్డ కప్పు. మీ లైన్లో సొరంగాలు బోలెడు, ఆ హోరుకి అది బెదిరిపోతుంది. రాగానే మేడ మీద గదిలో తలుపేసి ఉంచుదాం. ముందు ఒకదాని పక్కగుడ్డ ఇంకొకదానికి వాసన చూపించాలి, వారం పోయాక తలుపు సందులోంచి ముఖాలు చూపించాలి. నీ సెలవేమో నాలుగు రోజులే, ఈసారికి దానికి జమీందారుగారి దర్శనం లేనట్టే. వయొలిన్‌కి కొత్త తీగలు విజయనగరం నుంచి తెప్పించి ఉంచమంటావా? ముందే రాయి, మీ పెదనాన్న వచ్చే వారం అటు వెళ్తున్నారు.

మీ పెద్దమ్మ