ఆటిజం ఉన్న మేనల్లుడు సిరిమాను పండక్కి వస్తున్నాడు, ఎలా చూసుకోవాలి?

మీ ఇల్లు పైడితల్లి అమ్మవారి గుడి ఉన్న మూడు లాంతర్ల దగ్గరే అన్నారు, ఆరేళ్ల బాబు పండగ అయ్యేదాకా ఉంటాడన్నారు. అందుకే ముందు శబ్దం గురించి చెబుతాను. మా అబ్బాయికీ ఆటిజం ఉంది. ఇప్పుడు పద్నాలుగేళ్లు, మాదీ విజయనగరమే.

డప్పులు, మైకులు మనకి హుషారు. వాడికి అవే భరించలేనంత బాధ కావచ్చు. చెవులు మూసుకున్నా, ఊగుతున్నా, చేతులు ఆడిస్తున్నా ఆపమనకండి. కుదుటపడటానికి వాడు చేసుకునే పని అది. ఇంట్లో వెనకవైపు గది ఒకటి వాడికే వదిలేయండి. చుట్టాలెవరూ అందులో సామాన్లు పెట్టకుండా చూడండి. మా ఇంట్లో పండగ ప్రశాంతంగా సాగేది ఆ గది వల్లే.

సిరిమానుని, అంటే పూజారి కొసన కూర్చుని ఊరేగే పొడవాటి మానుని, చూపించాలా వద్దా అన్నది మీ వదినగారే చెప్పాలి. చూపిద్దామంటే, పాత వీడియోలు సౌండ్ తగ్గించి ముందే పెట్టండి. ఊరేగింపులో పాలధార, బెస్తవారి వల, తెల్ల ఏనుగు, సిరిమాను అని ఏమేం వస్తాయో చెప్పండి. ముందే తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. సిరిమాను గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరుగుతుంది కదా, ఒక్కసారి మేడ మీంచి చూసి లోపలికి వచ్చేయొచ్చు. మేమైతే జనం లేని రోజు అమ్మవారి దర్శనం చేసుకుంటాం.

ఒక్కసారిగా ఏడ్చి కింద పడిపోతే దాన్ని మొండితనం అనుకోకండి. చుట్టూ చేరకండి, ప్రశ్నలు వేయకండి. ఒక్కరే పక్కన ఉంటే చాలు. దిష్టి తీయడం కూడా ఆ సమయంలో వద్దు.

ఇంకోటి. "ఫోనిచ్చి పాడుచేశారు", "సరిగ్గా పెంచలేదు" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాటలు తల్లిని ఎంత కుంగదీస్తాయో నాకు తెలుసు. ఆటిజం పెంపకం వల్ల వచ్చేది కాదు, టీకాల వల్లా కాదు. మెదడు ఎదిగే తీరే వేరుగా ఉంటుంది. ఈ జవాబు వదినగారి చేత చెప్పించకుండా మీరే చెప్పండి.

తిండి విషయంలో బలవంతం వద్దు, వాడు తినేవే వండండి.

చెప్పకుండా బయటికి వెళ్లిపోవడం, నీళ్లంటే విపరీతమైన ఇష్టం ఈ పిల్లల్లో చాలామందికి ఉంటాయి. పెద్దచెరువు దూరం కాదు. గేటుకి వాడికి అందని ఎత్తులో గడియ పెట్టించండి, జేబులో ఫోన్ నంబర్ చీటీ ఉంచండి. ఏ పూట ఎవరు చూసుకోవాలో ఒకరికి అప్పగించండి.

వాడికి సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) ఉంటే, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా గురించి మీ అన్నయ్యకి చెప్పండి. ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు ఇస్తారు, థెరపీలు కూడా అందులోకి వస్తాయి.