మొదటి జీతం, మొదటి లెక్క

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. ఇటీవలే ఉద్యోగంలో చేరాను. నియామక పత్రంలో రాసిన జీతానికీ, ఖాతాలో పడిన మొత్తానికీ పొంతన లేదు. జీతం తక్కువే కాబట్టి పొదుపు సంగతి కొన్నేళ్ల తర్వాత చూసుకోవచ్చా? క్రెడిట్ కార్డు తీసుకోవచ్చా?

జవాబు: ముందుగా మీ పే స్లిప్ తెరిచి వరుసగా చదవండి. పైన కనిపించే స్థూల జీతంలోంచి పన్ను, పదవీ విరమణ నిధి, బీమా వంటివి మినహాయించగా మిగిలినదే మీ చేతికి వస్తుంది కనుక, ఖర్చుల లెక్క ఎప్పుడూ ఆ చివరి అంకె మీదే వేసుకోవాలి. ఏ కోత ఎందుకో అర్థం కాకపోతే అడగడానికి మొహమాటపడకండి.

పొదుపును వాయిదా వేయవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. 72ను వడ్డీ శాతంతో భాగిస్తే సొమ్ము రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లు సుమారుగా తెలుస్తాయి. ఏడాదికి 8 శాతం చక్రవడ్డీ లభిస్తే 9 ఏళ్లు. అంటే 19వ ఏట దాచిన 100, మీకు 46 ఏళ్లు వచ్చేసరికి దాదాపు 800 అవుతుంది. అదే 100ను 28వ ఏట దాచితే 400 దగ్గరే ఆగుతుంది. జీతం పడిన రోజే కొంత వేరే ఖాతాకు మళ్లించి, కనీసం మూడు నెలల ఖర్చులకు సరిపడా పోగయ్యేవరకు దాన్ని కదపకండి.

ఇక కార్డు. అప్పు మీద నెలకు 3 శాతం వడ్డీ అంటే చిన్నదిగానే కనిపిస్తుంది గానీ, చక్రవడ్డీ లెక్కన ఏడాది తిరిగేసరికి అది 42 శాతం దాటుతుంది. బిల్లులో ‘కనీస చెల్లింపు’ అని చూపిన మొత్తం కట్టి ఊరుకుంటే ఆలస్య రుసుము తప్పుతుందే తప్ప, మిగిలిన బాకీపై వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ప్రతి బిల్లునూ గడువులోగా పూర్తిగా తీర్చగలనన్న నమ్మకం కుదిరేవరకు కార్డు తీసుకోకండి.